ముందు మంచం, తర్వాతే మాన్పించడం

మొగల్తూరు లాంటి ఊళ్ళో తాగుడు ముదిరిన మనిషికైనా ఓ పేరుంటుంది. ఫలానా వారబ్బాయి, ఫలానా చెరువుకి కాపలా ఉన్నవాడు అని గుర్తుపడతారు. తిట్టుకుంటూనైనా ఓ ముద్ద పెడతారు. ఇంటి తలుపులు మూసుకుపోయాక అతను చేరేది నర్సాపురమో, భీమవరమో, మరీ దూరమైతే రాజమండ్రో. స్టేషను అరుగుల మీద, గుడి మెట్ల మీద, గోదావరి రేవుల్లో పడుకునేవాళ్ళలో కలిశాక ఆ పేరు కూడా పోతుంది. గొడవ చేస్తే పోలీసులకు గుర్తొస్తాడు, దారికడ్డమైతే మునిసిపాలిటీకి, స్పృహ తప్పితే ఆస్పత్రికి. మిగతా రోజుల్లో అతను ఎవరి బాధ్యతా కాదు.

2020 జులై నెలాఖరులో ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగింది అందుకు సాక్ష్యం. కరోనా కట్టడితో మద్యం దుకాణాలు మూతపడితే, మానలేనివాళ్ళు చేతులకు రాసుకునే శానిటైజర్ తాగారు. రెండు మూడు రోజుల్లో పది మంది దాకా చనిపోయారు. మృతుల్లో గుడి దగ్గర బిచ్చమెత్తుకునేవాళ్ళూ ఉన్నారు. అదే ఏడాది మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు, మందు దొరక్క వణికిపోతూ వచ్చేవాళ్ళ తాకిడి ఒక్కసారిగా పెరిగింది. వాళ్ళలో చాలామందిని ఇంటివాళ్ళు పట్టుకొచ్చారు. గుడి మెట్ల మీదివాణ్ణి పట్టుకొచ్చేదెవరు?

‘బుద్ధుంటే మానేస్తాడు’ అనడం తేలిక. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాడు ఉన్నట్టుండి ఆపితే రెండు మూడు రోజుల్లో ఫిట్సు రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణమే పోవచ్చు. మానడానికి పడక కావాలి, డాక్టరు కావాలి.

రోడ్డు బతుకు కూడా మత్తు నేర్పుతుంది. దోమలు, ఆకలి, రాత్రి ఎవరొచ్చి తంతారోనన్న భయం. వీటిని మరిపించడానికి పెద్దలకు క్వార్టరు సీసా, పిల్లలకు గుడ్డకు పూసి పీల్చే పంక్చరు సొల్యూషను, వైట్‌నరు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వెలువడింది. పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువ శాతం మంది వాడుతున్నది ఈ పీల్చే మత్తునేనని అందులో తేలింది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని కూడా అదే సర్వే చెప్పింది.

అమ్మకం దగ్గర ఇంత కరువు లేదు. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీస్తే, దరఖాస్తు రుసుముల మీదే దాదాపు 1,800 కోట్ల రూపాయలు వచ్చాయి. క్వార్టరు 99 రూపాయలకే దొరికే ఏర్పాటూ జరిగింది.

గంజాయి మీద పోరు మాత్రం జోరుగానే ఉంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. 2024లో ఈగల్ దళం వచ్చింది, ఫిర్యాదులకు 1972 నంబరు వచ్చింది. సరఫరా తెంచాల్సిందే. అయితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షన్ ఒకటుంది. తనంతట తాను వచ్చి చికిత్స పూర్తిచేసుకునే వ్యసనపరుడికి, వాడకం, కొద్దిపాటి సరుకు కేసుల నుంచి అది రక్షణ ఇస్తుంది. రేవులో పడుకునేవాడికి ఆ మాట చెప్పినవాళ్ళు లేరు.

తలదాచుకునే చోటు సంగతి చూద్దాం. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు, ఏడాది పొడవునా రాత్రింబవళ్ళు తెరిచి ఉంచాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. నర్సాపురం జనాభా 2011 లెక్కల్లో 60 వేల లోపే. మొగల్తూరు పంచాయతీ కాబట్టి పట్టణ పథకాలు అక్కడ గడప తొక్కవు. షెల్టరున్న ఊళ్ళోనైనా తాగొచ్చినవాడికి తలుపు తీయడం అరుదు. ఆస్పత్రికి వెళితే తోడు మనిషేడీ అని అడుగుతారు.

మరి మనకు తెలిసిన పరిష్కారం ఏమిటి? కంటికి కనపడకుండా చేయడం. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ హాజరైన అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో భిక్షాటనను నిషేధించి, బిచ్చగాళ్ళను జైలు ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. ఫిన్లాండ్ 2008 నుంచి ఇంకో దారి పట్టింది. మానితేనే ఇల్లు అనకుండా, ముందు ఇల్లిచ్చి తర్వాత వైద్యం మొదలుపెట్టింది. దీర్ఘకాలం రోడ్డు మీద ఉన్నవాళ్ళ సంఖ్య అక్కడ బాగా తగ్గింది.

కష్టపడి అద్దె కట్టుకునేవాడికి లేని వసతి తాగుబోతుకెందుకని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇక్కడ అడుగుతున్నది ఫ్లాటు కాదు, ఒక మంచం. ఆ మంచం లేనందుకు అయ్యే ఖర్చు 108 అంబులెన్సు రూపంలో, పోలీసు కేసు రూపంలో, అనాథ శవానికి చేసే అంత్యక్రియల రూపంలో ప్రభుత్వం ఎలాగూ భరిస్తూనే ఉంది.

2027లో గోదావరి పుష్కరాలు. నర్సాపురం వలంధర రేవు నుంచి రాజమండ్రి పుష్కర ఘాట్ దాకా పనులకు నిధులు వస్తాయి. రేవుల్లో పడుకునేవాళ్ళను అప్పటికి ఎక్కడికి తోలేయాలన్న ఆలోచనకు ముందే, జిల్లా కలెక్టర్లు ఆ పనుల జాబితాలో మరో మూడు చేర్చాలి. జనాభా లెక్కతో సంబంధం లేకుండా నర్సాపురం, భీమవరాల్లో తాగొచ్చినా చేర్చుకునే షెల్టర్లు. వారం వారం అక్కడికొచ్చే ప్రభుత్వ డాక్టరు. తోడు మనిషి లేకపోయినా వ్యసన విముక్తి వార్డులో చేర్చుకోవాలని ఆస్పత్రులకు రాతపూర్వక ఉత్తర్వు. చివరిదానికైతే పైసా ఖర్చు లేదు. పుష్కరాల దాకా ఆగనక్కర్లేదు, ఈ నెలలోనే ఇవ్వొచ్చు.