మంటకు మంచు మందు

“కళ్లకు పెట్టె తగిలించుకుని ఆడే ఆ ఆటలవల్ల పిల్లలు చెడిపోవడం తప్ప లాభమేమిటండీ?” అని ఒక సోదరి అడిగారు. నాకు తెలిసిన లాభం ఒకటి చెబుతాను.

ఒళ్లు కాలినవారికి రోజూ పుండు కడిగి కట్టు మార్చడం నరకం. ఎంత మందు ఇచ్చినా ఆ వేళ నొప్పి పూర్తిగా అణగదు. అమెరికాలో సియాటిల్ నగరంలో హంటర్ హాఫ్‌మన్, డేవిడ్ ప్యాటర్‌సన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1996లో దీనికో ఉపాయం ఆలోచించారు. తరువాత ‘స్నోవరల్డ్’ తయారయింది. అందులో రోగి మంచులోయలో తేలిపోతూ మంచుబొమ్మల మీదా, పెంగ్విన్ల మీదా మంచుముద్దలు విసురుతూంటాడు. ఇవతల నర్సు తన పని తాను చేసుకుపోతుంది.

మనసుకు ఒకేసారి పట్టేది కొంతే. అది మంచులో మునిగితే మంటకు చోటు తగ్గుతుంది. ఇది రోగుల మాట మాత్రమే కాదు. ఆరోగ్యవంతులకు కాస్త వేడి తగిలించి మెదడును స్కానింగ్ తీస్తే, నొప్పికి స్పందించే భాగాల్లో అలజడి తగ్గినట్లు 2004లో వెల్లడించారు. అయితే మందులు మానరాదు; ఇది వాటికి తోడు మాత్రమే.

కథ చెబుతూ బిడ్డ కాలిలో ముల్లు తీసే తల్లికి ఈ కిటుకు కొత్తదా? ఆ పెట్టెను ఆటవస్తువని తీసిపారేసే ముందు, కట్టు విప్పించుకునే పసివాణ్ణి ఒక్కసారి తలచుకోమంటాను.