శనికీ సూర్యుడికీ ఒకటే రాయి

మా మేనల్లుడు పోయిన శ్రావణంలో ఒక రహస్యం మోసుకుని మా ఇంటికి వచ్చాడు. మూడేళ్లుగా ప్రేమిస్తున్న అమ్మాయికి ఉంగరం చేయించాలట. ఆమెకు తెలియకూడదు. వాళ్లమ్మకు, అంటే మా అక్కకు, అసలే తెలియకూడదు. ఫోన్లో బొమ్మ గీయించి పెట్టుకున్నాడు: మధ్యలో కోలగా ఒక నీలం, అటొకటి ఇటొకటి పిసరంత వజ్రాలు. అమ్మాయిది సముద్రం ఒడ్డున భీమిలి కాబట్టి ఆ రంగెందుకని నేను అడగలేదు. వేలి కొలత సంపాదించిన తీరు మాత్రం మెచ్చుకోవలసిందే. గిన్నెలు తోముతూ ఆమె తీసి గట్టు మీద పెట్టిన పాత ఉంగరాన్ని తన చిటికెన వేలికి తొడుక్కుని, ఎక్కడిదాకా దిగిందో బాల్‌పెన్నుతో గీత పెట్టుకున్నాడు.

ఆ రహస్యం బంగారం కొట్టు దాకా కూడా నిలవలేదు. "అమ్మాయిగారిది ఏ రాశి సార్?" అని అడిగాడు సేల్స్‌మన్. ఇదేదో పండగ ఆఫరు కాబోలనుకున్నాడు వీడు. తీరా చూస్తే నీలం అందరికీ పడదట. అది శని రాయి. పడితే అందలం ఎక్కిస్తుంది, పడకపోతే నెల తిరక్కుండా నడిరోడ్డు మీద నిలబెడుతుంది. అందుకని మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని పడుకోవాలి. పీడకలలు రాకపోతే తొడుక్కోవచ్చు. పైగా రాయి అడుగున బంగారం మూసెయ్యకూడదు. గ్రహబలం ఒంటికి పట్టాలంటే రాయి చర్మానికి తగలాలి.

చెప్పకుండా ఇవ్వాలనుకున్న ఉంగరంలోని రాయిని ఆ పిల్ల దిండు కింద మూడు రాత్రులు ఎలా దాచడం? పోనీ జాతకం చూపిద్దామంటే పుట్టిన వేళ కావాలి. అది వాళ్లమ్మకు తప్ప తెలియదు. వీడు బెంబేలెత్తి మా అక్కకే ఫోన్ చేశాడు. "శనిని కొనుక్కొచ్చి కోడలి వేలికి తొడుగుతావుట్రా? కెంపు పెట్టించు, సూర్యుడు. లేదంటే కనక పుష్యరాగం, గురుడు. నీలం మాత్రం గుమ్మం దాటి రావడానికి వీల్లేదు" అంది అక్క. (కోడలు అనేసింది, గమనించారా? ఉంగరం చేయవలసిన పని ఫోన్లోనే అయిపోయింది.)

అక్క చెప్పిన రెండు రాళ్లూ, వద్దన్న మూడోదీ నిజానికి ఒకటే రాయి. కెంపు, నీలం, కనక పుష్యరాగం మూడూ కురువిందం అనే ఒకే ఖనిజం. ఇంగ్లీషువాళ్లు కోరండం అనే మాట మన దక్షిణాది భాషల నుంచి వెళ్లిందే. రసాయనశాస్త్రం ప్రకారం అది అల్యూమినియం ఆక్సైడ్. గరుకు కాగితం మీద అద్దే పొడి కూడా చాలాసార్లు అదే. శుద్ధంగా ఉంటే దానికి ఏ రంగూ ఉండదు. కాస్తంత క్రోమియం చేరితే ఎర్రబడి కెంపు అవుతుంది. ఇనుము, టైటేనియం జంటగా చేరితే నీలం. ఇనుము ఒక్కటే అయితే పసుపు తిరిగి పుష్యరాగం. ఆ పిసరు పక్కన పెడితే తూకం, గట్టిదనం, మెరుపు అన్నీ ఒకటే. మోస్ కొలబద్ద మీద మూడింటికీ తొమ్మిదే.

జ్యోతిషంలో సూర్యుడూ శనీ తండ్రీకొడుకులు, అయినా బద్ధశత్రువులు. ఒకరి రాయి పెట్టుకుంటే రెండోవారికి కోపమట. ఉప్పు తక్కువైందా ఎక్కువైందా అన్నట్టు, చిటికెడు క్రోమియం ఎటు పడిందన్న దాన్నిబట్టి, సూర్యుడికి సగటున 143 కోట్ల కిలోమీటర్ల దూరంలో తిరిగే ఒక వాయుగోళం భీమిలి పిల్ల ఉద్యోగం సంగతి నిర్ణయిస్తుందని మనం నమ్మాలి.

ఇంకా విచిత్రం శ్రీలంకలో జరిగింది. అక్కడ గ్యూడా అనే పాలరంగు రాళ్లు దొరుకుతాయి. అవీ కురువిందమే, కానీ చూపుకి ఆనవు కనుక ఎవరూ లెక్కచేసేవారు కాదు. 1970ల్లో థాయ్‌లాండ్ వ్యాపారులు వాటిని చవగ్గా కొనుక్కుపోయి, 1,500 డిగ్రీలు దాటిన కొలిమిలో కాలిస్తే చాలా రాళ్లు నిఖార్సయిన నీలాలుగా తేలాయి. ఈనాడు బజారులో తిరిగే నీలాల్లో అత్యధిక భాగం అలా వేడి చూసి వచ్చినవే. కొలిమిలోకి వెళ్లేటప్పుడు ఏ గ్రహానికీ పట్టని రాయి బయటికి వచ్చేసరికి శనీశ్వరుడి సొత్తు అయిపోయింది. ఖరీదైన చేతి గడియారాల అద్దం కూడా ఫ్యాక్టరీలో పెంచిన రంగులేని కురువిందమే. నీలం పేరు చెబితే వణికేవాళ్లు అది మణికట్టుకు కట్టుకుని హాయిగా తిరుగుతున్నారు. వాళ్లకు ఏలిననాటి శని గడియారం వల్ల పట్టిందని ఎవరూ అనగా వినలేదు.

మిగిలిన నవరత్నాల కథ త్వరగానే చెప్పవచ్చు. చంద్రుడి ముత్యం, కుజుడి పగడం ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. కోడిగుడ్డు పెంకూ అదే. గోమేధికం, వైడూర్యం ఇచ్చిన రాహుకేతువులు అసలు గోళాలే కావు. చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటినట్టు కనిపించే రెండు బిందువులు, అంతే. 1781లో యురేనస్, 1846లో నెప్ట్యూన్ బయటపడ్డాయి. రాయి కేటాయించలేదని వాటికి కోపం వచ్చిన దాఖలా లేదు.

"మరి పడిందని చెప్పేవాళ్లంతా అబద్ధాలాడుతున్నారా?" అని అక్క నిలదీసింది. ఆడటం లేదు. మనిషి రంగురాళ్ల కోసం పరిగెత్తేది కష్టం ముదిరినప్పుడు. ముదిరిన కష్టం చాలావరకు తనంత తానే తగ్గుముఖం పడుతుంది, పేరు రాయికి వస్తుంది. తగ్గలేదనుకోండి, రాయి నకిలీదంటారు, తూకం చాలలేదంటారు, వేలు తప్పంటారు. ఓటమి రాకుండా ముందే కట్టేసిన పందెం ఇది. సరైన పందెం వేసినవారు ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్. 2008లో మహారాష్ట్ర అంధశ్రద్ధ నిర్మూలన సమితి వాళ్లతో కలిసి ఆయన చదువులో చురుకైన 100 మంది పిల్లల జాతకాలు, మానసిక వైకల్యం ఉన్న 100 మంది పిల్లల జాతకాలు పోగుచేసి, ఏవి ఎవరివో చెప్పమని జ్యోతిష్కులను పిలిచారు. జవాబులు పంపినవారు 27 మంది. సరిపోయినవి సగటున నూటికి 46. బొమ్మా బొరుసూ వేసినా 50 వచ్చేవి.

శాస్త్రం ఉంది కదా అంటారు. ఉంది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో రత్నపరీక్ష ఉంది. అందులో తెల్ల వజ్రం బ్రాహ్మణులకు, ఎరుపు, పసుపు రాజులకు, నల్లది శూద్రులకు అని రాళ్లకూ వర్ణాలు పంచారు. కొడుకులు కావాలనుకునే ఆడవాళ్లు వజ్రమే ధరించకూడదని కొందరు అంటారనీ రాశారు. ఈ రోజు కొట్టులో వజ్రం అమ్మేవాడు ఈ పేజీ తెరవడు. శాస్త్రంలో ఏ పేజీ చదవాలో గల్లాపెట్టె చెబుతుంది.

మావాడు ఇదంతా విని పకపకా నవ్వాడు. "జాతకాలు నేనూ నమ్మను మావయ్యా. కానీ ఆ రెండు వజ్రాలూ ఉండాలి. వజ్రం లేకుండా ప్రపోజ్ చేస్తే ఏం బాగుంటుంది? రెండు నెలల జీతం పక్కన పెట్టాను కూడా" అన్నాడు. రెండు నెలలని నీకు ఎవరు చెప్పారురా అంటే తెల్లమొహం వేశాడు. అందరూ అంటారట.

ఆ అందరూ ఎవరో చెప్పవచ్చు. దక్షిణాఫ్రికా గనుల మీద 1888లో లేచిన డీబీర్స్ కంపెనీ 1938లో ఎన్.డబ్ల్యూ. అయర్ అనే అమెరికా ప్రకటనల సంస్థను కుదుర్చుకుంది. అక్కడ పనిచేసే ఫ్రాన్సిస్ గెరటీ అనే ఆవిడ 1947లో వజ్రం శాశ్వతమని చాటే నినాదం రాసింది. (ఆవిడ పెళ్లి చేసుకోలేదు. వజ్రం శాశ్వతమూ కాదు. గాలి తగిలేలా బాగా వేడిచేస్తే బొగ్గులా కాలిపోతుందని 1772లోనే రసాయన శాస్త్రవేత్త లవోసియర్ ప్రయోగం చేసి చూపాడు.) ఉంగరానికి ఇన్ని నెలల జీతమన్న లెక్క కూడా ప్రకటనల్లోదే. 1980ల అమెరికాకు రెండు నెలలు, జపాన్‌కు మూడు. ఆ జపాన్‌లో 1967లో ప్రచారం మొదలయ్యేనాటికి నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం అందుకునే అమ్మాయిలు నూటికి అయిదుగురు కూడా లేరు. 1981 నాటికి అరవై మంది. పద్నాలుగేళ్లలో ఒక జాతికి సంప్రదాయం తయారైంది. నెలకో రాయి చొప్పున చలామణిలో ఉన్న బర్త్‌స్టోన్ల జాబితా కూడా 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం కూర్చుని ఖాయం చేసుకున్నదే.

ఇక మావాడికి అన్నిటికన్నా ప్రియమైన సర్‌ప్రైజ్. ఎడ్వర్డ్ జే ఎప్‌స్టీన్ 1982లో ది అట్లాంటిక్ పత్రికలో ఈ వజ్రాల వ్యాపారం గుట్టు విప్పుతూ, ప్రకటనలవాళ్లు దీన్నీ పరిశీలించారని రాశాడు. ఇంత ఖరీదైనది తీసుకోవాలంటే ఆడవాళ్లకు మనసులో తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. ముందు తెలియకుండా వచ్చిపడితే, తాము అడగలేదు కాబట్టి ఆ బరువు ఉండదు. అంటే ఆశ్చర్యం పేరుతో ఆమెను నిర్ణయం నుంచి తప్పించడమే అమ్మకానికి దారి. మన పెళ్లిచూపుల్లో పిల్లను తప్ప అందరినీ అడిగినట్టే ఉంది వ్యవహారం.

ఆ ఉంగరం ఎడమచేతి అనామికకే ఎందుకంటే, ఆ వేలి నుంచి గుండెకు నేరుగా ఒక సన్నని నరం పోతుందని ఈజిప్టువాళ్లు కనుక్కున్నారని రెండో శతాబ్దంలో రోమన్ రచయిత ఆలస్ గెల్లియస్ రాశాడు. తర్వాతివాళ్లు దాన్ని ప్రేమ సిర అన్నారు. 1628లో విలియం హార్వే రక్తప్రసరణ తేల్చాక, పది వేళ్ల రక్తమూ గుండెకే చేరుతుందని తెలిసిపోయింది.

పరాయివాళ్లనే అంటే అన్యాయం. మన నిశ్చితార్థంలో అసలు తంతు తాంబూలాలు మార్చుకోవడమే, ఉంగరాలు ఈమధ్య వేదిక ఎక్కాయి. పెళ్లిలో బిందెలో వేసిన ఉంగరం ఎవరి చేతికి దొరికితే కాపురంలో వాళ్లదే పైచేయి అనడం మాత్రం సరదాగా బతికే ఉంది. ఉంగరం మీద పెద్ద భారం మోపినవాడు కాళిదాసు. మహాభారతంలోని శకుంతల కథలో ఉంగరమూ లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. అక్కడ దుష్యంతుడికి అన్నీ గుర్తున్నాయి. గుర్తుండే నువ్వెవరో తెలియదన్నాడు. రాజుగారి మర్యాద దక్కించడానికి నాటకంలో ఆ నేరం ఒక ముని కోపం మీదికి, చేప మింగిన ఉంగరం మీదికి మళ్లింది. మాట నిలబెట్టుకోని మగవాడికి నగ సాక్ష్యం అవసరమైంది.

వజ్రం శుక్రుడిదనీ, భోగభాగ్యాలు తెస్తుందనీ అంటే నాకు కొల్లూరు గుర్తొస్తుంది. కృష్ణ ఒడ్డున, నేటి పల్నాడులో ఉన్న ఆ గనికి పదిహేడో శతాబ్దంలో వెళ్లిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్, ఆడా మగా పిల్లా కలిసి 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ప్రపంచంలో ఎవరూ అన్ని వజ్రాలు ముట్టుకుని ఉండరు. ఏ భోగం వాళ్ల తలుపు తట్టింది? ఆ వజ్రాలు దాచుకున్న గోల్కొండ 1687లో ఔరంగజేబు వశమైంది, దాని సుల్తాను తానాషా బందీగా దౌలతాబాద్‌లో పోయాడు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

నమ్మకాలు తీసేస్తే ఉంగరం గురించి అడగవలసినవి చిన్న ప్రశ్నలే. రాయిని వేడిచేశారా, పగుళ్లలో గాజు నింపారా? ప్రయోగశాల సర్టిఫికెట్ చెబుతుంది. బంగారం ఎంత? 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ తప్పనిసరి. రాయి పొదగడానికి 22 క్యారెట్ల కన్నా 18 గట్టిగా పట్టుకుంటుంది. వజ్రమే కావాలంటే ప్రయోగశాలలో పెంచినదీ కర్బనమే, తవ్వినదీ కర్బనమే. 2018లో అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ వజ్రం నిర్వచనంలోంచి సహజమైన అన్న మాటే తీసేసింది.

అన్నిటికన్నా ముందు అడగవలసింది ఆ అమ్మాయిని అన్నాను. వాడికి ముందు నచ్చలేదు. నాలుగు రోజులు మొహం మాడ్చుకుని, చివరికి అడిగాడు. ఆమె పళ్ల డాక్టరు. రోజంతా చేతికి గ్లవ్స్. ఎత్తుగా కొక్కేలు కట్టిన రాయి అయితే గ్లవ్స్ చిరుగుతాయి, తీసి బీరువాలో పెట్టుకోవడమే. మూడేళ్లుగా తెలిసిన వాడికి ఈ సంగతి తట్టలేదు. ఆమె కాగితం మీద మరో బొమ్మ గీసింది: నీలం చుట్టూ బంగారు గట్టు, రాయి వేలికి సమంగా, అడుగు మూసేసి. పక్క వజ్రాలు కొట్టేసింది. ఆ డబ్బుతో వాడికి కూడా ఒక ఉత్త ఉంగరం చేయించమంది.

నిశ్చితార్థం నాడు అక్క ఆ ఉంగరాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురుకు పెట్టి చూసింది. శని మాట ఎత్తలేదు. "తరుగు ఎంత వేశాడ్రా?" అంది. పన్నెండు శాతం వేశాడు. అచ్చులో పోత పోసిన ఉంగరానికి, రాలిన రజను కూడా జలగడిగి తిరిగి తీసుకునే కొట్టులో, ఆ తరుగు ఎక్కడ తరిగిందో మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.