మన నేల మట్టితో మన ఇల్లు

పుదుచ్చేరి సారంలో ఇప్పుడు ఎటు చూసినా సిమెంటు ఇళ్లే. అక్కడికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్ 1989 నుంచి మట్టితో గట్టి ఇళ్లు కట్టి చూపిస్తోంది. జల్లించిన ఎర్రమట్టిలో సుమారు 5 శాతం సిమెంటు కలిపి, ప్రెస్సులో నొక్కి, నాలుగు వారాలు తడి ఆరకుండా ఉంచితే ఇటుక సిద్ధం. బట్టీ అక్కర్లేదు, కట్టెలు తగలేసే పనీ లేదు. ఈ ఇటుకలతో లేచిన ఆరోవిల్ సందర్శకుల కేంద్రానికి 1992లో హసన్ ఫతీ వాస్తుశిల్ప పురస్కారం దక్కింది. మన ఉత్తరాంధ్ర తీరంలోనూ మట్టిగోడల మీద తాటాకు కప్పిన చుట్టిల్లు గుండ్రంగా ఉండి పెనుగాలికి తట్టుకునేది, ఎండాకాలంలో చల్లగా ఉండేది. అంత తెలివి మన తాతలదైతే, మట్టిల్లంటే నామోషీ ఎందుకు? మట్టికి వాన గండం ఉన్నమాట నిజమే. రాతి పునాది, ముందుకు సాచిన చూరు ఉంటే ఆ గండం గట్టెక్కుతుంది. కావలసింది పని తెలిసిన మేస్త్రీలు. ప్రభుత్వాలు ప్రతి జిల్లాలో మేస్త్రీలకు మట్టి కట్టడంలో శిక్షణ ఇవ్వాలి, పేదల ఇళ్ల పథకాల్లో మట్టి ఇటుకకు సమాన స్థానం ఇవ్వాలి. ఊళ్లో ఇల్లు తలపెట్టినవారు సిమెంటు బస్తాలు కొనేముందు తమ నేల మట్టిని ఒకసారి పరీక్ష చేయించండి.