పిల్లర్ నంబరుగా మిగిలిన పీవీ

అత్తాపూర్‌లో ఉండే మా టీమ్ కుర్రాడొకడు ఇంటికి దారి చెప్పమంటే వీధి పేరు చెప్పడు, కాలనీ పేరు చెప్పడు. పిల్లర్ నంబరు చెప్తాడు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండు కిలోమీటర్ల పైచిలుకు సాగే ఆ ఫ్లైఓవర్ 2009లో మొదలైంది, పేరు పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే. మొన్నామధ్య ఇద్దరం ఒకే క్యాబ్‌లో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే అడిగాను, పీవీ గురించి నీకేం తెలుసు అని. "ప్రైమ్ మినిస్టర్ కదన్నా.. మనకి ఐటీ తెచ్చింది ఆయనే అంట కదా, వాట్సాప్‌లో వచ్చింది" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ వయసులో నాకు తెలిసింది అంతకన్నా తక్కువ. పైగా నా దగ్గర సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. ముందు అది చెప్పేస్తాను.

2004 డిసెంబర్ 25, శనివారం, క్రిస్మస్ సెలవు. అప్పటికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి ఏడాది దాటింది నాకు. రూమ్మేట్లు నలుగురం ప్రసాద్స్‌లో మ్యాట్నీకి బయల్దేరాం. హుస్సేన్ సాగర్ దగ్గరికి వెళ్ళేసరికి ట్రాఫిక్ మళ్ళించేశారు, ఎక్కడి బండ్లు అక్కడే. ఆ రోజు పీవీ అంత్యక్రియలు. మాలో ఒకడు "ఈయన ఇవాళే పోవాలా, మన సినిమా పోయింది" అన్నాడు. మిగతా ముగ్గురం నవ్వాం. సినిమా ఎలాగూ పోయింది కదా, చెరువు గట్టు దాకా నడిచి వెళ్ళి చూసి వద్దామని నలుగుర్లో ఒక్కడికీ తట్టలేదు. అమీర్‌పేటకి తిరిగొచ్చి బిర్యానీ తిని పడుకున్నాం. మా నలుగురి జీతాలూ డాలర్లలో వచ్చే బిల్లింగ్ నుంచి పుట్టినవే మరి.

డిసెంబర్ 23న ఢిల్లీలో ఎయిమ్స్‌లో చనిపోయారాయన, 83 ఏళ్ళ వయసులో. ఐదేళ్ళు ప్రధానిగా, పార్టీ అధ్యక్షుడిగా ఉన్న మనిషి దేహాన్ని అక్బర్ రోడ్డులోని కాంగ్రెస్ ఆఫీసు గేటు లోపలికి తీసుకెళ్ళలేదు. బండి బయటే ఆగింది, పెద్దలు బయటికొచ్చి దణ్ణం పెట్టారు, అక్కణ్ణుంచి హైదరాబాద్ పంపించేశారు. ఆ గేటు గురించి గత ఇరవై ఏళ్ళుగా మనవాళ్ళు కోపంగా మాట్లాడుతూనే ఉన్నారు. నేనూ మాట్లాడాను చాలాసార్లు. ఐతే ఆ రోజు గేటు తెరవనిది వాళ్ళొక్కళ్ళేనా అన్నదే ఇప్పుడు నా అనుమానం.

సరే, ముందు ఆ వాట్సాప్ సంగతి తేల్చుకుందాం. ఐటీ అంతా పీవీ ఇచ్చిందే అనడం నిజం కాదు. కంప్యూటర్ పాలసీ 1984లో రాజీవ్ గాంధీ హయాంలో వచ్చింది. సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ సంస్థ 1991 జూన్ మొదట్లో రిజిస్టర్ అయ్యింది, పీవీ ప్రమాణం చేసింది జూన్ 21న. మనం దేవుడికి మొక్కుకునే హెచ్1బి వీసా 1990లో అమెరికావాళ్ళు చేసుకున్న చట్టంలోది. మరి ఆయన చేసిందేంటి? ఆయన వచ్చేనాటికి దేశం దగ్గరున్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకి కూడా చాలదు. జూలైలో రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారం తాకట్టుకి విదేశాలకి పంపింది. అదే నెల మొదట్లో రూపాయి విలువ రెండు విడతలుగా తగ్గించారు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టారు, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం సభ ముందుకొచ్చింది. పరిశ్రమల శాఖ పీవీ దగ్గరే ఉంది. 1978లో దేశం వదిలి వెళ్ళిపోయిన ఐబీఎం 1992లో టాటాలతో కలిసి తిరిగొచ్చింది. కంపెనీ షేరు ఎంతకి అమ్ముకోవాలో ఢిల్లీలో ఒక ఆఫీసరు నిర్ణయించే పద్ధతి అదే ఏడాది పోయింది. కాబట్టే 1993లో ఇన్ఫోసిస్ లాంటి చిన్న కంపెనీ జనం దగ్గరికొచ్చి డబ్బులు అడగగలిగింది. 1994లో టెలికాం పాలసీ, అదే ఏడాది వ్యాపారానికి, ప్రయాణాలకి కావలసిన డాలర్ల మీద ఆంక్షల సడలింపు. అంటే మన ఇంటికి పునాది తవ్వింది వేరేవాళ్ళు కావచ్చు. కానీ సిమెంటు బస్తాకి కూడా పర్మిట్ అడిగే రోజుల్లో ఆ పర్మిట్ తీసేసింది ఈయన. నాకు ఇది చాలు. లేనిది కల్పించి పొగడక్కర్లేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి, మన వృత్తికి సంబంధించింది. ఎనభైల్లో, అరవై ఏళ్ళు దాటాక, ఆయన కంప్యూటర్ తెప్పించుకుని కోబాల్, బేసిక్ నేర్చుకున్నారు. యునిక్స్ మీద ప్రోగ్రాములు రాశారు. వాళ్ళ అబ్బాయి చెప్పిన ఈ సంగతులు వినయ్ సీతాపతి 2016లో రాసిన జీవితచరిత్రలో ఉన్నాయి. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో గల్లీకో కోబాల్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది, గుర్తుందా? మా సీనియర్లంతా ఆ కోబాల్ పట్టుకునే విమానం ఎక్కారు. సరిగ్గా అవే రోజుల్లో, కోబాల్ తెలిసిన ఒక మాజీ ప్రధాని ఢిల్లీలో కోర్టుల చుట్టూ తిరుగుతున్నాడు.

ఆ ఎనిమిదేళ్ళు చూడండి. 1996 ఎన్నికల్లో కాంగ్రెస్‌కి వచ్చింది 140 సీట్లు. సెప్టెంబర్‌లో పార్టీ అధ్యక్ష పదవి పోయింది. 1998లో టికెట్టే ఇవ్వలేదు. జేఎంఎం ముడుపుల కేసులో 2000లో కింది కోర్టు దోషి అంది. క్రిమినల్ కేసులో అలా దోషిగా తేలిన మొదటి మాజీ ప్రధాని ఆయనే. 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. లఖూభాయ్ పాఠక్ కేసు 2003 డిసెంబర్‌లో తేలింది, నిర్దోషి అని. ఆ తర్వాత ఏడాదికే పోయారు. లాయర్ల ఫీజుల కోసం హైదరాబాద్‌లో ఉన్న ఇల్లు అమ్మిపెట్టమని అడిగారని ఆయన దగ్గర పనిచేసిన పి.వి.ఆర్.కె.ప్రసాద్ చెప్పారు. ఈ మధ్యలోనే మోతీలాల్ నెహ్రూ మార్గ్ ఇంట్లో కూర్చుని 'ది ఇన్‌సైడర్' నవల పూర్తి చేశారు (తెలుగులో 'లోపలి మనిషి'). అయోధ్య మీద కూడా రాసి పెట్టుకున్నారు, అది ఆయన పోయాక 2006లో అచ్చయ్యింది.

ఇదే ఎనిమిదేళ్ళలో మనమేం చేస్తున్నాం? 1998లో సైబర్ టవర్స్ తెరిచారు, మనం లోపలికెళ్ళాం. క్యాంపస్ ఇంటర్వ్యూలు, ఆన్‌సైట్, తానా సభలు, ఆటా సభలు. మన పెద్దమనుషుల్లో ఒకరైనా బాహాటంగా ఆయన పక్కన నిలబడినట్టు నాకు గుర్తు లేదు. పార్టీ వదిలేసిందంటే దానికో లెక్కుంది. ఆయనకి సొంత వర్గం లేదు, వీధుల్లోకొచ్చే మనుషులు లేరు, అధికారం పోయాక భయపడాల్సిన అవసరం ఎవరికీ లేదు. మనకేమైంది? మనం ఆయన్ని వెలివేయలేదు, అసలు పట్టించుకోలేదు అంతే.

ఇక రెండో వైపు. మాది గుంటూరు జిల్లా. మా తాతకి పీవీ పేరు చెప్తే చాలు మండేది. 1972లో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీం కోర్టు తీర్పిచ్చాక జై ఆంధ్రా ఉద్యమం రేగింది, ముఖ్యమంత్రిగా ఉన్న పీవీ 1973 జనవరిలో దిగిపోయారు. "అటు భూములకి సీలింగన్నాడు, ఇటు ఉద్యోగాలు పోతాయన్నా కదల్లేదు, ఏ సంగతీ తేల్చేవాడు కాదురా" అనేవాడు తాత. సీలింగ్ విషయంలో నేను తాతతో ఒప్పుకోను. కానీ 'తేల్చడు' అన్న మాట నన్ను 1992 డిసెంబర్ 6 దగ్గరికి తీసుకెళ్తుంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన హామీలని నమ్మాను, ముందుగా రాష్ట్రపతి పాలన పెట్టడానికి రాజ్యాంగం ఒప్పుకోదనుకున్నాను అన్నది ఆయన వాదన. వాదన చదివాను, నాకు సరిపోలేదు. మసీదు కూలింది. ఆ తర్వాత అల్లర్లలో ఒక్క బొంబాయిలోనే తొమ్మిది వందల మంది చనిపోయారు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరైనా పీవీ గేటు దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకోలేదని కోప్పడే హక్కు నాకు లేదు.

1993 అవిశ్వాస తీర్మానం సంగతీ అంతే. హైకోర్టు ఆయన్ని వదిలేసింది, నిజమే. కానీ డబ్బు తీసుకుని సభలో ఓటేసిన ఎంపీల మీద కేసు పెట్టకూడదని 1998లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ఉందే, అది ఆయన పేరు మీదే పుస్తకాల్లో ఉంది. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీలు దాన్ని తప్పని కొట్టేశారు. అప్పటికి నెల ముందే, ఫిబ్రవరి 9న, ఆయనకి భారతరత్న ప్రకటించారు. మార్చి 30న వాళ్ళబ్బాయి రాష్ట్రపతి చేతుల మీదుగా అందుకున్నారు. రెండూ రెండు నెలల లోపే జరిగాయి. నా ఫోన్‌లో మొదటిదాని గురించి యాభై మెసేజీలు వచ్చుంటాయి, రెండోదాని గురించి ఒక్కటీ రాలేదు.

మన వృత్తిలో లెగసీ కోడ్ అంటే ఏంటో మీకు తెలుసు. అందరం తిట్టుకుంటాం, ఎవడు రాశాడ్రా ఇది అంటాం, కానీ కంపెనీ నడిచేది దాని మీదే. దానికి పూలదండేసి పక్కన పెట్టినా ప్రమాదమే, చదవకుండా చెరిపేసినా ప్రమాదమే. కూర్చుని లైను లైనూ చదవాల్సిందే. పీవీని మొదట చెరిపేశారు, ఇప్పుడు దండేస్తున్నారు. 2014లో తెలంగాణ వచ్చింది, 2020-21లో శతజయంతి జరిపారు, నెక్లెస్ రోడ్డుకి ఆయన పేరు పెట్టారు. ఢిల్లీలో ఒక పార్టీ ఇంకో పార్టీని ఎత్తిపొడవడానికి ఆయన్ని వాడుకుంటోంది. 2024 డిసెంబర్ 26న మన్మోహన్ సింగ్ పోయినప్పుడు ఆయన దేహాన్ని కాంగ్రెస్ ఆఫీసు లోపలే ఉంచారు, దాంతో మళ్ళీ ఆ పాత గేటు వీడియోలు. ఇందులో పీవీ కోసం జరుగుతున్నది ఎంత అని నాకెప్పుడూ సందేహమే.

నేను అనుకునేది ఇదీ. 1991కి ఆయనకి మనం బాకీ ఉన్నాం. 1992కి ఆయన కొందరికి బాకీ ఉన్నాడు. ఒకటి ఇంకోదానికి చెల్లు కాదు. రత్న బిరుదుతో రెండోది మాఫీ కాదు, రెండోదాన్ని చూపించి మనం మొదటిది ఎగ్గొట్టకూడదు. మన బాకీ తీర్చాల్సింది ఆయన బతికుండగా, కోర్టు మెట్లెక్కుతున్నప్పుడు. కేసు తప్పని అరవక్కర్లేదు, కేసు నడవనివ్వండి, కానీ ఈ మనిషి వల్ల మాకిది జరిగింది అని ఒక్క ఉత్తరం ముక్క రాసుండొచ్చు. చేయలేదు. ఇప్పుడు విగ్రహాలకి చందాలిస్తే తీరేది కాదది.

ఎయిర్‌పోర్టు దగ్గర దిగుతూ మావాడు "అయితే మంచోడా కాదా అన్నా, ఒక్క మాటలో చెప్పు" అన్నాడు. చెప్పలేనన్నాను. 'లోపలి మనిషి' చదవమన్నాను. చదువుతాడని నమ్మకమేం లేదనుకోండి.

మీలో అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని ఒకటి అడుగుతాను. ఆ 2004 డిసెంబర్ 25న మీరెక్కడున్నారు? నేను ఎక్కడున్నానో చెప్పేశాను కదా.