అమ్మ కోసం నోరు మూసుకున్న పిల్ల

అమెరికన్ రచయిత్రి డొరొతీ ఆలిసన్ నవల ‘బాస్టర్డ్ అవుట్ ఆఫ్ కరొలైనా’ (1992) చదివాక గుండె బరువు దిగలేదు. దక్షిణ కరొలైనాలోని గ్రీన్‌విల్. పేద తెల్లవారి ఇల్లు. బోన్ అనే పిల్లను మారుతండ్రి గ్లెన్ కొడతాడు, చెరుస్తాడు. అతని క్రౌర్యం కన్నా మమ్మల్ని ఎక్కువగా కుదిపింది తల్లి ఆనీ. ఆమెకు బిడ్డంటే ప్రేమ లేక కాదు. బోన్ జనన పత్రం మీది ‘అక్రమ సంతానం’ ముద్ర చెరిపించాలని కోర్టు చుట్టూ తిరిగిన తల్లి. అయినా ఆ అఘాయిత్యం కళ్లారా చూశాక కూడా గ్లెన్‌తోనే వెళ్లిపోతుంది. అమ్మ కాపురం చెడకూడదని అన్నాళ్లూ బోన్ నోరు మెదపలేదు.

మన ఇళ్లలో ఆ నోరు మూయించేది పరువు. పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమని ప్రతి బడిలో, ప్రతి అంగన్‌వాడీలో తల్లులకు చెప్పాలి.