చెరువుకు ఏడవ దోషము

గ్రామములలో నీటి వసతిని గూర్చి ప్రస్తావన వచ్చినప్పుడు మనము నేడు కుళాయిలను, బోరుబావులను, ఓవర్‌హెడ్ ట్యాంకులను గూర్చియే మాటలాడుచున్నాము. 2019 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జల జీవన్ పథకము ఇంటింటికి కుళాయి నీరు అందింపవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది. ఇది హర్షింపదగిన విషయమే. అయితే కుళాయిలు రాకమునుపు వందల సంవత్సరములు మన ఊళ్లు ఏ నీరు త్రాగినవి, ఆ నీటిని నిలిపిన కట్టలు, తూములు, బావులు నేడెట్లున్నవి అను సంగతిని రైతు సోదరులు ఒకసారి ఆలోచింపవలెను. అవి కేవలము పాతకాలపు గుర్తులు కావు. వానిలో అనేకము నేటికిని పనిచేయుచున్నవి. పనిచేయనివానిలో కూడ పెక్కు రాయి చెడినందున కాక, చూచువాడు లేక చెడినవని నా అభిప్రాయము.

కడప ప్రాంతమునందలి పోరుమామిళ్ల చెరువును తీసికొందము. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దీనిని కట్టించి, శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369లో, ఒక సంస్కృత శాసనమును వేయించెను. ప్రతిదినము వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసినట్లు అందు వ్రాయబడియున్నది. అంతకన్న ముఖ్యమైన విషయమేమనగా, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము వివరించుచున్నది. గట్టి బంకనేల, తీయని నీరు గల ఏరు, ఏటికి తగిలియున్న కొండ, ఆ కొండల నడుమ మిక్కిలి పొడవు కాని దృఢమైన రాతికట్ట, లోతును వైశాల్యమును గల గర్భము, సమీపమున మంచి రాతిగని, కట్ట క్రింద సారవంతమైన సమతలపు పొలము, జలశాస్త్రము తెలిసిన పండితుడు, పని నేర్చిన కూలీలు మున్నగునవి అంగములు. ఇక దోషములు: కట్టనుండి నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట, చెరువు నడుమ మెరక ఉండుట, నీరు తక్కువయై భూమి ఎక్కువగుట, భూమి తక్కువయై నీరు ఎక్కువగుట.

నేడు ఒక ఇంజనీరును గాని, వ్యవసాయాధికారిని గాని క్రొత్త చెరువు స్థలము చూడుమని పంపినచో ఆతడు పరీక్షించునది ఇంచుమించుగా ఈ పట్టికనే. చవుడు, ఊట, వచ్చు నీటికిని పారు భూమికిని గల నిష్పత్తి: ఈ మాటలు మనకు క్రొత్తవి కావు. ఇట్టి పరిజ్ఞానముతో కట్టినందువలననే ఈ చెరువు నేటికిని సేద్యమునకు పనికివచ్చుచున్నది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని, నల్లమల దరి గుండ్లకమ్మపై కట్టిన కంభము చెరువును వారసత్వ కట్టడములుగా గుర్తించెను. ఓరుగల్లు సీమలో కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెరువులును ఇట్టివే. పై చెరువు నిండి పొర్లిన నీరు క్రింది చెరువునకు చేరునట్లు గొలుసుకట్టుగా కట్టిన చిన్న చెరువులు, కుంటలు తెలుగునాట లెక్కకు మిక్కిలిగా కలవు. పొర్లు చోటును ఒక సీమలో అలుగు అందురు, ఒక సీమలో మరవ అందురు, తెలంగాణమున మత్తడి అందురు. పేరేదైనను పని ఒక్కటే.

చెరువు పంటకు మాత్రమే అనుకొనుట పొరపాటు. ఊరి త్రాగునీటికిని అదియే ఆధారము. పశువులు త్రాగునది చెరువునందు. మనుష్యులు త్రాగునది దాని ఊటచే నిండు బావినుండి. అందుచేతనే పెక్కు గ్రామములలో మంచినీళ్ల బావి చెరువు కట్టకు దిగువనే కనిపించును. మన సీమలో అధిక భాగము రాతినేల. పైన కొన్ని గజముల లోతువరకు మాగిన మెత్తని రాయి ఉండును. వాననీరు నిలుచునది దానిలోనే. చెరువు నిండిన సంవత్సరము ఆ పొర నిండును, చేదబావులు, మోటబావులు నిండును. చెరువు ఎండిన సంవత్సరము అవియును ఎండును. కావున చెరువును వేరుగా, బావిని వేరుగా చూడరాదు.

ఈ వసతులను నిలిపినది ఒక్క రాతిపని కాదు. చెరువు కట్టించినవారికి, దానిని బాగుచేయించు బాధ్యత వహించినవారికి, దాని క్రింది భూమిలో కొంత భాగమును మాన్యముగా ఇచ్చు ‘దశబంధము’ పద్ధతి రాయలసీమలో విరివిగా ఉండెను. తూము తీయుటకు, మూయుటకు, మడిమడికి నీరు వంతు ప్రకారము పెట్టుటకు నీరుగట్టి ఉండెను. తెలంగాణమున ఆతనిని నీరడి అనిరి. ఆతనికి పంట కళ్లమునందే ధాన్యము కొలిచి ఇచ్చెడివారు. ఏటేట కాలువలు పూడిక తీయుట, కట్టపై కంప కొట్టుట ఆయకట్టు రైతుల విధి. దీనికే కుడిమరామత్తు అని పేరు. కట్ట తెగు ప్రమాదము వచ్చినప్పుడు గ్రామస్థులు పనికి రావలెనని మద్రాసు రాజధానికి 1858లో ఒక చట్టము కూడ చేయబడెను. చట్టముతో నిర్బంధింపవలసి వచ్చినదనగా అప్పటికే ఆ కట్టుబాటు సడలినదని గ్రహింపవచ్చును. తరువాత విద్యుత్ మోటార్లు, బోరుబావులు వచ్చినవి. సొంత బోరు గల రైతుకు చెరువు నిండినను, నిండకున్నను ఒకటే అనిపించెను. నిజమునకు ఆ బోరులోని నీరును చెరువు ఇచ్చినదే!

ఇట్లు వ్రాయుటచే పాతకాలమంతయు మంచిదని చెప్పుట నా ఉద్దేశము కాదు. దిగుడుబావులలో కాళ్లు పెట్టి నీరు ముంచుకొనుటచే నారికురుపు వ్యాధి వ్యాపించెడిది. ఆ బావులకు బదులు చేతిపంపులు వేసి, కొన్నింటిని చేదబావులుగా మార్చి, నీటిని వడగట్టి త్రాగుట నేర్పిన మీదట 1996లో మన దేశమున ఆ వ్యాధి చివరి కేసు నమోదయ్యెను. 2000లో దేశము ఆ వ్యాధినుండి విముక్తమైనట్లు ప్రకటింపబడెను. అంతేకాదు, ఊరబావి పేరునకు ఊరిదే గాని, అంటరానితనము పేరిట దళితులను దాని దరికి రానిచ్చెడివారు కారు. 1955లో పార్లమెంటు చట్టము ద్వారా అది శిక్షింపదగిన నేరమయ్యెను. ప్రతి ఇంటి ముందరకు వచ్చిన కుళాయి ఈ రెండు కష్టములను తగ్గించినది. దానిని ఎవరును కాదనరాదు.

అయితే కుళాయి వచ్చినదని బావిని చెత్తతో పూడ్చివేయుట, చెరువునకు నీరు తెచ్చు వాగును దున్ని కలుపుకొనుట తెలివైన పని కాదు. కుళాయి నీరు పెక్కుచోట్ల దూరపు జలాశయమునుండి గొట్టముల ద్వారా వచ్చును. గొట్టము పగిలినను, కరెంటు పోయినను, జలాశయము అడుగంటినను, ఆనాడు ఊరికి దిక్కు ఏది? మరల లోతు బోరే. ఫ్లోరైడు గల రాతిసీమలో లోతునీటిని నమ్ముట అపాయకరము. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు గుర్తించిరి. త్రాగునీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు ఉండరాదని నేటి ప్రమాణము. వేరు నీరు దొరకనిచోట ఒకటిన్నర వరకు అనుమతింతురు. చెరువు నిండి వాననీరు భూమిలోనికి ఇంకినచో ఈ దోషము కొంత పలుచబడుటకు అవకాశము కలదు.

2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ, ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు పథకములు ప్రారంభమై పెక్కు చెరువులలో పూడిక తీయబడెను. ఇది మంచి పనియే. కాని పూడిక ఒకసారి తీసినంత మాత్రమున చెరువు బాగుపడదు. వాన వచ్చిన ప్రతిసారి మట్టి మరల వచ్చును. యంత్రముతో పూడిక తీయవచ్చును గాని, అర్ధరాత్రి వాన కురియుచుండగా కట్టపై నడచి, ఊట ఎచ్చట పుట్టినదో చూచుటకు మనిషి కావలెను. పోరుమామిళ్ల శాసనకర్త ఆరు దోషములే చెప్పెను. కాపు లేకపోవుట అను ఏడవ దోషమును మన కాలము చేర్చినది.

కావున ఈ దిగువ పనులను ప్రతి గ్రామము చేపట్టవలెనని నా సూచన.

మొదటిది: ఊరిలోని చెరువులు, కుంటలు, బావులు, తూములు, నీరు వచ్చు వాగులు అన్నింటిని పంచాయతీ ఒక పుస్తకములో వ్రాసి, రెవెన్యూ పటముతో సరిచూచి, హద్దురాళ్లు నాటించవలెను. వాగు మూసుకొనిపోయినచో ఎంత మంచి చెరువైనను ఎండును.

రెండవది: నీరుగట్టిని మరల నియమింపవలెను. 1997 చట్టము క్రింద నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. పంటకు ఎకరమునకింత అని ఆయకట్టు రైతులు చందా వేసికొని, ఆ సంఘము ద్వారా ఒకనికి జీతమిచ్చుట అసాధ్యము కాదు. చెరువు ఊటచే నిండు బోర్ల యజమానులును ఈ చందాలో చేరుట న్యాయము.

మూడవది: తొలకరికి ముందే తూము, అలుగు, కట్ట పరీక్షించి, ఎలుకబొరియలు పూడ్చి, కంప చెట్లను వేళ్లతో తీయవలెను.

నాల్గవది: పూడికమట్టిని గట్టున పోయక, ఎర్రనేలలకు, ఇసుక నేలలకు తోలుకొనవలెను. ఆ నేలలలో తేమ నిలుచును. తోలుటకు ముందు భూసార పరీక్షా కేంద్రములో చవుడు పరీక్ష చేయించుట మరువరాదు. నల్లరేగడికి ఈ మట్టి అక్కరలేదు.

ఐదవది: మిగిలియున్న ఊరబావులను పూడ్చక, పూడిక తీసి, చుట్టు పిట్టగోడ కట్టి, పైన జల్లెడ వేయవలెను. నీటి పరీక్షయు, క్లోరినేషనును లేనిదే త్రాగుటకు వాడరాదు. త్రాగుటకు పనికిరానిచో పశువులకు, తోటలకు వాడుకొనవచ్చును.

ఇందు ఏ పనికిని పెద్ద ధనము అక్కరలేదు. పూర్వులు చెరువును, దానిని కాపాడు ఏర్పాటును కలిపి ఇచ్చిరి. మనము చెరువును ఉంచుకొని ఏర్పాటును పోగొట్టుకొంటిమి. ఈ వేసవి ముగియులోపుననే మీ గ్రామసభలో ఈ విషయమును చర్చించి, ‘మన చెరువునకు కాపు ఎవరు?’ అను ప్రశ్నకు ఒక పేరు నిర్ణయించుకొనుడు. తక్కిన పనులు ఆ తరువాత సులభమగును.