గాలిలో గంట.. నేలపై నాలుగు!

విశాఖ-హైదరాబాద్ విమాన ప్రయాణంలో అసలు జాప్యం రోడ్లపైనే

విశాఖపట్నం: విశాఖపట్నం, హైదరాబాద్ విమానాశ్రయాల మధ్య గగనతల దూరం సుమారు 510 కిలోమీటర్లు. రోడ్డు మార్గం 600 కిలోమీటర్లు దాటుతుంది. విజయవాడ మీదుగా రైలు మార్గం దాదాపు 700 కిలోమీటర్లు. విమానం టిక్కెట్టుపై కనిపించే ప్రయాణ సమయం గంటా పదిహేను నిమిషాలకు అటూ ఇటూ మాత్రమే. ఇంటి గడప దాటింది మొదలు లెక్కిస్తే మాత్రం ప్రయాణం ఐదు గంటలు మించుతుంది.

సమయం ఎక్కడ పోతోంది?

జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లకు పైగా వేగంతో వెళ్లగలదు. ఆ లెక్కన 510 కిలోమీటర్లకు 40 నిమిషాలు చాలు. అయితే రన్‌వేకు చేరడం, పైకి లేవడం, కిందికి దిగడం నెమ్మదిగా సాగే పనులు. ఇక చెక్ ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందే మూసివేస్తారు కనుక ప్రయాణికులు గంటన్నర ముందుగా చేరక తప్పదు. నౌకాదళ స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాలోని విమానాశ్రయానికి నగరం నుంచి ముప్పావు గంట, శంషాబాద్‌లో సామాను తీసుకోవడానికి అరగంట, అక్కడి నుంచి సికింద్రాబాద్ చేరడానికి గంటంపావు కలిపితే నేలపైనే నాలుగు గంటలు గడుస్తాయి.

భోగాపురంతో మారే లెక్క

డేగాలో పౌర విమానాల వేళలకు పరిమితులు ఉండటం భోగాపురం విమానాశ్రయ నిర్మాణానికి ఒక ప్రధాన కారణం. డేగా నగరానికి సుమారు 12 కిలోమీటర్లు కాగా, భోగాపురం సుమారు 45 కిలోమీటర్లు. అంటే నగరవాసికి కనీసం మరో అరగంట అదనం. గాజువాక, అనకాపల్లి వాసులకు భారం ఇంకా ఎక్కువ. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వారికి మాత్రం ఇది వరమే. విశాఖ నగరాన్ని దాటే శ్రమ వారికి తప్పుతుంది.

శంషాబాద్ నేర్పిన పాఠం

ఇటువంటి మార్పును హైదరాబాద్ ఇదివరకే చవిచూసింది. 2008 మార్చిలో వాణిజ్య విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు తరలాయి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు ఎక్స్‌ప్రెస్ వే అందుబాటులోకి వచ్చింది 2009 అక్టోబరులో. విమానాశ్రయం ముందు, రోడ్డు తరువాత అన్న పద్ధతికి మూల్యం చెల్లించింది ప్రయాణికులే.

మరోవైపు 2023 జనవరి 15న ప్రారంభమైన వందేభారత్ రైలు విశాఖ-సికింద్రాబాద్ ప్రయాణాన్ని ఎనిమిదిన్నర గంటలకు తగ్గించింది. గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు పన్నెండు గంటలకు పైగా పడుతుంది. రైలు వేగం పుంజుకుంటున్న వేళ రోడ్డుపై పోయే ప్రతి అరగంటా విమానం ఆధిక్యాన్ని తగ్గిస్తుంది. మధురవాడ, ఆనందపురం, తగరపువలస మీదుగా జాతీయ రహదారిపై రాకపోకలు సాఫీగా సాగితేనే గగనతలంలో ఆదా అయిన సమయం ప్రయాణికునికి దక్కుతుంది. ఆకాశంలో దూరం తగ్గించడం ఎవరి తరమూ కాదు. నేలపై తగ్గించడం పాలకుల చేతిలోని పనే.